అంగట్లో ఆమె ఎవరు?

(మహిళా సంఘం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'అసంఘటిత రంగంలో స్త్రీలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. చాలా పెద్ద మాట అది. అందులో బీడీలు చుట్టేవాళ్లున్నారు, ఇళ్లల్లో అంట్లు తోమేవాళ్లున్నారు, బండలు మోసేవాళ్లున్నారు. అందరి గురించీ తలా రెండు ముక్కలు చెప్పి దిగిపోవడం నాకిష్టం లేదు. అందుకని అంగడి గురించే మాట్లాడతాను. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల వారానికొకసారి కూడే అంగళ్ల గురించి. కిందటి చలికాలంలో మూడు నాలుగు వారాంతాలు నేను ఆ వైపు తిరిగాను. సర్వే కోసం కాగితాలు పట్టుకుని పోలేదు. అనంతగిరి కొండ చూద్దామని స్నేహితురాలితో కలిసి బయలుదేరి, దారిలో అంగడి కనిపిస్తే దిగాను. కొండ ఎక్కడం ఆ రోజు కుదరనే లేదు.

కోస్తా వైపు సంత అంటారు, మనం అంగడి అంటాం. 'అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది' అని సామెత. ఆ సామెతలో అంగడి ఉంది, సరుకు ఉంది, అల్లుడున్నాడు. అమ్మే మనిషి మాత్రం లేదు. సామెతల్లోనే కాదు, లెక్కల్లోనూ, చట్టాల్లోనూ ఆమెను వెతుక్కోవలసే వస్తుంది. నా మాటలన్నీ దాని గురించే.

ముందు ఆ నేల గురించి కొంచెం. పైగా వంశపు నవాబు వికార్ ఉల్ ఉమ్రా పేరు మీద వికారాబాద్ వెలిసింది. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు మార్గం 1874లో వచ్చింది. తాండూరు, వికారాబాద్ రెండూ ఆ దారిలోవే. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి, భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఇటు కలిపారు. తర్వాత తాండూరు రంగారెడ్డి జిల్లాలో ఉంది, 2016 అక్టోబర్ నుంచి వికారాబాద్ జిల్లాలో ఉంది. జిల్లాలు ఎన్నిసార్లు మారినా అంగడి భాష మారలేదు. ఒకే గంప ముందు కూచుని ఒకామె గిరాకీతో తెలుగులో మాట్లాడుతుంది, పక్కామెతో కన్నడంలో మాట్లాడుతుంది, చిల్లర దగ్గరికొచ్చేసరికి ఉర్దూ అంకెలు లెక్కపెడుతుంది, కూతుర్ని మాత్రం గోర్‌బోలీలో తిడుతుంది. నాలుగు భాషల్లో వ్యాపారం చేసే ఈమెను మన జనాభా లెక్కలవాళ్లు 'నిరక్షరాస్యురాలు' అని రాసుకుపోతారు.

అంగట్లో ఏముంటుంది? చలికాలం కాబట్టి పుంటికూర, మెంతికూర, చుక్కకూర, పచ్చి కందికాయలు రాశులుగా ఉన్నాయి. కందికాయలు ఉడకబెట్టి ఉప్పు చల్లి అమ్మేవాళ్లు ఒక వరస. జొన్నలు, ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, ఎండు చేపలు. మేదరివాళ్ల బుట్టలు, చాటలు. ఈత చీపుర్లు. గాజులు, రబ్బరు చెప్పులు, పాత బట్టలు. ఒక మూలన కోళ్లు, మేకలు. మధ్యలో మిర్చి బజ్జీల మూకుడు. ఆ నూనె వాసన అంగడంతా.

తాండూరు కందిపప్పు గురించి మీకు చెప్పక్కర్లేదు. దానికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫలానా నేల, ఫలానా గాలి వల్ల ఈ పప్పుకు ఈ రుచి అని ప్రభుత్వ ముద్ర పడింది. సంతోషమే. అయితే ఆ కంది కోసింది ఎవరు, కట్టెతో కొట్టింది ఎవరు, చెరిగింది ఎవరు? మిల్లులు రాకముందు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి విసుర్రాయి తిప్పింది ఎవరు? నేలకు గుర్తింపు ఇచ్చినవాళ్లకు ఈ చేతులు కూడా కనబడాల్సింది. కోత అయిపోయిన చేలల్లో రాలిన కాయలు పరిగె ఏరుకుని, రెండు మూడు కిలోల కందులు పైటకొంగులో మూటగట్టుకుని అంగడికి తెచ్చిన ముసలమ్మను నేను చూశాను. ఆమె దగ్గర కొన్న చిన్న వ్యాపారి దోసిలితో కందులెత్తి చూసి, 'తరుగు' కింద వంద గ్రాములు తీసేశాడు. పరిగె కందులకు కూడా తరుగు.

తక్కెడ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. కారుల్లో వచ్చే గిరాకీలు ముందు అడిగేది తూకం గురించే. 'నీ తూకం సరిగ్గా ఉందా' అని. వారాంతాల్లో హైదరాబాద్ నుంచి అనంతగిరికి వచ్చేవాళ్లు పెరిగారు. అడవి చూస్తారు, అనంత పద్మనాభస్వామి గుడి చూస్తారు, మూసీ పుట్టేది ఇక్కడేనట అని పిల్లలకు చెప్తారు, తిరిగి వెళ్తూ అంగడి దగ్గర ఆగుతారు. తాజా కూరలు, చవక. కూర కొనకముందే ఫోటో తీస్తారు. రంగురంగుల బట్టలేసుకున్న లంబాడా అక్క కనబడితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆమెను అడగరు. నా కళ్లముందే ఒకామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, వాళ్లు నవ్వి ఇంకోటి తీశారు. తర్వాత మూడు కట్టలు పది రూపాయలంటే నాలుగు ఇవ్వమని పది నిమిషాలు బేరమాడారు. ముఖం ఉచితంగా తీసుకున్నవాళ్లు కూరకట్ట దగ్గర పట్టుబట్టారు. నగరపు స్త్రీలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇంటి ఖర్చు కుదించే బాధ్యత వాళ్ల నెత్తిన ఉంటుంది, అందుకే బేరమాడతారు. బేరం రెండు వైపులా ఆడవాళ్ల మధ్యే జరిగినా, ఆ ధర పెట్టింది వాళ్లిద్దరిలో ఎవరూ కాదు.

ఇప్పుడు అంగట్లో ఎవరు ఎక్కడ కూచుంటారో చూద్దాం. రోడ్డు పక్కన, తాటిపత్రి కట్టిన పెద్ద దుకాణాలు మగవాళ్లవి. బట్టలు, సామాన్లు, ఉల్లిగడ్డ బస్తాలు. లోపలికి పోయినకొద్దీ ఆడవాళ్లు పెరుగుతారు, నీడ తగ్గుతుంది. చివరికి, మోరీ పక్కన, ఎండలో, ఒక్కొక్క గంపతో కూచున్నవాళ్లందరూ దళిత స్త్రీలు, తండాల స్త్రీలు. తాండూరు బండ మీద కూచుంటారు, పేరున్న బండే. దేశమంతా ఇళ్లల్లో పరిచే ఆ బండను గనుల్లో తీసేవాళ్లు, పాలిషింగ్ యూనిట్లలో దుమ్ము పీల్చేవాళ్లు ఈమె ఇంటి మనుషులే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండ మీద కూచోవాలంటే కింద గోనెసంచి నాలుగు మడతలు వేసుకోవాలి.

ఒక మాదిగ అక్కను అడిగాను, కూరగాయల కంటే బజ్జీలు పెడితే లాభం ఎక్కువ కదా అని. నా వైపు చూసి, 'మేం వండితె ఎవలు దింటరక్కా' అంది. అంతే. ఆకుకూర పచ్చిగా ఉన్నంతసేపు అందరికీ పనికొస్తుంది, పొయ్యి ఎక్కితే ఎవరి చెయ్యి అనేది అడ్డమొస్తుంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దు చేసింది. మిర్చి బజ్జీ దగ్గర అది ఇంకా బతికే ఉంది.

నేను ఎక్కువసేపు కూచున్నది ఒక తండా నుంచి వచ్చిన అవ్వ పక్కన. ఏ ఊరి అంగడో చెప్పను, ఎందుకంటే వచ్చే వారం ఆమె అక్కడే కూచోవాలి. వయసు అరవై దాటి ఉంటుంది. ఆమె లెక్క ఆమే చెప్పింది, నేను కాగితం మీద వేశాను.

సొంత చేను గట్టు మీద పెంచిన ఆకుకూర తెస్తుంది. అది చాలదు కాబట్టి తెల్లవారుజామున మండీలో టమాట కొంటుంది. దానికి పొద్దున 900 రూపాయలు చేబదులు తీసుకుంటుంది. సాయంత్రం 1,000 కట్టాలి. ఆ రోజు అంతా కలిపి 1,650 రూపాయలకు అమ్మింది. వెయ్యి అప్పుకు పోతే 650. ఆటోకు రానూపోనూ వంద, తైబజారు ముప్పై, కవర్లకు నలభై, చాయకు ఇరవై. మిగిలింది 460. రెండు సాయంత్రాలు కూర కోసి కట్టలు కట్టిన పని, కోడలి పని, రాత్రి మూడింటికి లేచిన పని ఈ లెక్కలో లేవు. సొంత కూర కాబట్టి దానికి ఖరీదు వేయలేదు. సొంత ఒళ్లు కాబట్టి దానికీ వేయలేదు.

వంద రూపాయల వడ్డీ చిన్నదే కదా అనిపిస్తుంది. పన్నెండు గంటలకు తొమ్మిదొందల మీద వంద. వారానికొకసారి చొప్పున ఏడాదికి 52 అంగళ్లు వేసుకుంటే 5,200 రూపాయలు వడ్డీ. అసలు ఎప్పుడూ ఆ తొమ్మిదొందలే. బ్యాంకులో ఏ పెద్దమనిషికైనా ఈ రేటు చెప్పండి, కుర్చీలోంచి లేస్తాడు.

'బస్సు ఉత్తదే గదా అవ్వా, ఆటో ఎందుకు' అని అడిగాను. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన సంగతి మీకు తెలుసు. అది వచ్చాక అంగడికి వచ్చే ఆడవాళ్లు పెరిగారని అందరూ అన్నారు. దాన్ని తక్కువ చేయను. ఆమె జవాబు వినండి: 'ఉత్తదే బిడ్డా. గని మూడు గొట్టంగ మా తండకు బస్సొస్తదా?'

తర్వాత నీళ్లు. నా దగ్గరున్న సీసా ఇచ్చాను. వద్దంది. పొద్దున చాయ తాగాక సాయంత్రం ఇంటికి చేరేదాకా నీళ్లు ముట్టదట. 'తాగితె యాడికి వోవాలె?' అంది. నేను చుట్టూ చూశాను. మగవాళ్లకు గోడ ఉంది. ఆడవాళ్లకు ఏమీ లేదు. ఒక మరుగుదొడ్డి కట్టడం ఉంది గానీ దానికి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మన సభల్లో 'ఆర్థిక స్వావలంబన' అని గొప్పగా మాట్లాడుకుంటాం. మూత్రం ఆపుకుని పదిహేను గంటలు కూచుంటే వచ్చే మంటలు, జ్వరాలు, మూత్రపిండాల జబ్బులు ఆ స్వావలంబన ఖాతాలోనే రాయాలి. నెలసరి రోజుల్లో వయసు పిల్లలు అంగడికి రారు, ఆ వారం సంపాదన పోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినామె ఎవరైనా ఉందేమోనని అడిగాను. నవ్వారు.

ఇక తైబజారు. అంగట్లో కూచున్నందుకు వసూలు చేసే రుసుము అది. చాలాచోట్ల దాన్ని వసూలు చేసే హక్కును ఏడాదికోసారి వేలం వేస్తారు. వేలంలో పాడుకున్నవాడు ముందు తన డబ్బు రాబట్టుకోవాలి, ఆ మీద లాభం చూసుకోవాలి. ఎవరి దగ్గర గట్టిగా అడగగలడు? తాటిపత్రి దుకాణాల దగ్గరా, ఒంటరిగా కూచున్న ముసలమ్మ దగ్గరా? ఆ రోజు వచ్చిన పిల్లగాడు ఇరవై ఏళ్లు ఉంటాయేమో, అవ్వను 'ఏయ్ ముసల్దానా, తియ్యి' అన్నాడు. ముప్పై తీసుకున్నాడు. రసీదు ఇవ్వలేదు. నేను అడిగితే, 'నువ్వెవరు మేడం?' అన్నాడు. అవ్వ నా చెయ్యి పట్టి ఊరుకోమంది. పక్కామె మాత్రం ఊరుకోలేదు, ఆమె వయసులో చిన్నది, 'అక్క అడిగింది గదా, ఇయ్యి' అంది. ఇచ్చాడు. ఇరవై రూపాయల రసీదు. ముప్పై తీసుకుని ఇరవైకి.

ఆ పది రూపాయల సంగతి తర్వాత. ఆ రసీదు ఉంది చూశారూ, నేను చట్టం వైపు తిరిగేది అక్కడి నుంచే.

వీధిలో అమ్ముకోవడం దయాదాక్షిణ్యాల మీద నడిచేది కాదనీ, రాజ్యాంగం 19(1)(జి) కింద ఏ వృత్తి అయినా చేసుకునే ప్రాథమిక హక్కులో భాగమనీ సుప్రీంకోర్టు 1989లోనే సోదన్ సింగ్ కేసులో చెప్పింది. పరిమితులు పెట్టవచ్చు, హక్కు మాత్రం ఉంది. దానికి ముందు అహ్మదాబాద్‌లో 1972లో పుట్టిన 'సేవా' సంఘం, ఇలా భట్ నాయకత్వంలో, మాణెక్ చౌక్‌లో కూరగాయలమ్మే స్త్రీల కోసం వీధిలోనూ కోర్టులోనూ పోరాడింది. ఎన్నో ఏళ్లు గడిచాక 2014లో వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, నియంత్రణ చట్టం వచ్చింది. ఆ ఏడాది మే 1న అమల్లోకి వచ్చింది. మే దినం నాడే రావడం యాదృచ్ఛికమో కాదో గానీ నాకు బాగుంది.

దాంట్లో మనకు పనికొచ్చేవి చెప్తాను, రాసుకోండి. పట్టణంలో ఉన్న వ్యాపారులందరినీ ఐదేళ్లకొకసారి సర్వే చేయాలి. ఆ సర్వే పూర్తయి, అందరికీ ధృవపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. తర్వాతైనా చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే జాబితా రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కూర, పండు వంటి పాడైపోయే సరుకైతే అడిగిన రోజే, తక్కినదైతే రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. పట్టణ వ్యాపార కమిటీ అని ఒకటి ఉంటుంది. అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, తమలో తాము ఎన్నుకున్నవాళ్లు. ఆ వ్యాపారుల్లో మూడో వంతు స్త్రీలుండాలి. ఉదాహరణకు కమిటీలో పదిహేను మంది ఉంటే ఆరుగురు వ్యాపారులు, అందులో ఇద్దరు స్త్రీలు. ఇద్దరే కదా అనకండి. మరుగుదొడ్డి తాళంచెవి ఎక్కడుందని ఆ బల్ల దగ్గర అడగడానికి ఒక్కరు చాలు. చాలాకాలంగా జనం అలవాటుగా కూడుతున్న చోటును 'సహజ మార్కెట్' అని ఈ చట్టం గుర్తిస్తుంది. అంగడికి అంతకంటే సరిపోయే మాట ఏముంది?

సర్వేవాళ్లు వచ్చినప్పుడు అవ్వ 'నేను ఇరవై ఏండ్ల సంది ఈడనే కూసుంటున్న' అంటుంది. రుజువేది అంటారు. ఆధార్ కార్డులో తండా చిరునామా ఉంటుంది. ఫోటో ఎవరో కారువాళ్ల ఫోన్‌లో ఉంది. ఆమె దగ్గర ఉండదగిన రుజువు తైబజారు రసీదు ఒక్కటే. అందుకే దాన్ని ఇవ్వడం వాళ్లకు ఇష్టముండదు, లేదా పట్టింపు ఉండదు. రెండూ మనకు ఒకటే నష్టం.

ఈ ధృవపత్రానికి ఇంకో విలువ కూడా ఉంది. కరోనా లాక్‌డౌన్‌లో అంగళ్లు మూతపడ్డాక, 2020 జూన్‌లో పీఎం స్వనిధి అని అప్పుల పథకం పెట్టారు. పూచీకత్తు లేకుండా మొదటి విడత పది వేలు, 2025లో దాన్ని పదిహేను వేలు చేశారు. పట్టణంలోకి వచ్చి అమ్ముకునే చుట్టుపక్కల పల్లెలవాళ్లు కూడా అర్హులే, ధృవపత్రమో పురపాలక సంఘం సిఫారసు లేఖో ఉంటే. అవ్వకు ఆ పది వేలు అంది ఉంటే పొద్దున తొమ్మిదొందల కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడేది కాదు. ఆ పథకం పేరు ఆమె విన్నది. తనకు కాదనుకుంది.

ఇప్పుడు చట్టంలో నాకు గుచ్చుకున్న రెండు చోట్లు చెప్తాను. ఇవి చదివినప్పుడు తెలియలేదు, అంగట్లో కూచున్నాకే తెలిశాయి.

మొదటిది. ఈ చట్టంలో 'స్థానిక సంస్థ' అంటే కార్పొరేషన్, మున్సిపాలిటీ, నగర పంచాయతీ, కంటోన్మెంట్ వగైరా. పట్టణాల వరకే. వికారాబాద్, తాండూరు మున్సిపాలిటీలు కాబట్టి అక్కడ వర్తిస్తుంది. గ్రామ పంచాయతీ నడిపే అంగడికి వర్తించదు. అదే మనిషి, అదే గంప, ఒక రోజు పట్టణంలో కూచుంటే హక్కులున్నాయి, మరో రోజు పల్లె అంగట్లో కూచుంటే లేవు. అంగళ్ల వెంట తిరిగే స్త్రీకి వారంలో ఒకటి రెండు రోజులు మాత్రమే పౌరసత్వం ఉన్నట్టు. పల్లె అంగళ్లకు కూడా ఇలాంటి రక్షణ కావాలని అడగాల్సింది మనమే, రాష్ట్ర ప్రభుత్వాన్ని, పంచాయతీరాజ్ చట్టం కింద.

రెండోది ఇంకా ఇబ్బందికరం. ధృవపత్రం కావాలంటే 'నాకు ఇది తప్ప వేరే జీవనాధారం లేదు' అని హామీ రాసివ్వాలి. ఐదో సెక్షన్‌లో ఉంది. పట్టణంలో రోజూ ఒకేచోట బండి పెట్టుకునే మనిషిని మనసులో పెట్టుకుని రాసిన వాక్యం అది. అంగడి స్త్రీ సంగతి వేరు. ఆమె నాలుగు రోజులు కూలికి పోతుంది, ఒక రోజు సొంత అరెకరంలో పని చేస్తుంది, రెండు రోజులు అంగట్లో కూచుంటుంది. ఏ ఒక్కదానితోనూ ఇల్లు గడవదు కాబట్టే మూడూ చేస్తుంది. మూడూ చేస్తుంది కాబట్టి ఏ ఒక్కదానిలోనూ ఆమెను లెక్కపెట్టరు.

పోనీ రైతు అందామా? రైతు అంటే పట్టా. 1999 జనవరిలో రైతు బజార్లు మొదలైనప్పుడు దళారీ లేకుండా పండించినవాళ్లే అమ్ముకుంటారన్నారు. మంచి ఆలోచనే. గుర్తింపు కార్డుకు భూమి కాగితం చూశారు. 2018లో రైతుబంధు వచ్చింది, పట్టాదారుకే. భూమి కాగితం మీద భర్త పేరో, మామ పేరో, చనిపోయిన మామ పేరో ఉంటుంది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లోనే వారసత్వ చట్టం సవరించుకున్నాం, దేశమంతా 2005లో చేశారు. అంగట్లో నేను పద్నాలుగు మందిని అడిగాను, పుట్టింట్లో వాటా తీసుకున్నారా అని. ఒక్కామె తీసుకుంది. అన్న మాట్లాడడం మానేశాడట, బతుకమ్మకు కూడా పిలవడం లేదట. 'భూమి వచ్చింది, తల్లిగారిల్లు వోయింది' అంది. ఆమె గొంతులో విచారం ఉందో లేదో చెప్పలేను, మెంతికూర మీద నీళ్లు చల్లుతూ చెప్పింది.

ఆ భూమి కూడా నిలుస్తుందన్న భరోసా లేదు. పూడూరు దగ్గర దామగుండంలో నౌకాదళ వీఎల్ఎఫ్ సమాచార కేంద్రానికి సుమారు 2,900 ఎకరాల అడవి ఇచ్చి, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ కావలసిందే. అడవి అంటే చెట్లు మాత్రమే అనుకునేవాళ్లు అంగడికి రావాలి. వానాకాలపు బోడకాకర, దసరా నాటి సీతాఫలాలు ఏ చేతుల మీదుగా వస్తాయో చూడాలి. ఆ తర్వాతి నెలలోనే లగచర్ల, రోటిబండ తండా వైపు భూసేకరణ గొడవ నడిచింది. తండాల స్త్రీలు ఢిల్లీ దాకా వెళ్లి తమ మాట చెప్పుకొచ్చారు. వాళ్లను టీవీలో చూసి ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. నాలుగు భాషల్లో బేరమాడే ఆడవాళ్లు ఢిల్లీలో మాట్లాడలేరా?

వేధింపుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. చిల్లర ఇస్తూ చెయ్యి పట్టుకోవడం, బేరం పేరుతో బూతులు, సాయంత్రం కల్లు దుకాణం నుంచి వచ్చేవాళ్లు గంప ముందు చతికిలబడడం, ఇవన్నీ అంగట్లో మామూలే అని ఆడవాళ్లే అంటారు. 2013 లైంగిక వేధింపుల చట్టం ఆఫీసు ఉద్యోగులకే అనుకుంటున్నాం. అది అసంఘటిత రంగానికీ వర్తిస్తుంది. సొంతంగా సరుకు అమ్ముకునేవాళ్ల పనిచోటు కూడా అందులోకి వస్తుంది. అలాంటి ఫిర్యాదుల కోసం జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీలో ఎవరున్నారో ఈ హాల్లో ఎవరికైనా తెలుసా? చేతులు ఎత్తండి. సరే. ఇది మన మొదటి పని అనుకోండి. కలెక్టరాఫీసుకు ఒక దరఖాస్తు, పేర్లూ ఫోన్ నంబర్లూ కావాలని. ఆ నంబర్లు పెద్ద అక్షరాలతో, తెలుగు, కన్నడ, ఉర్దూల్లో అంగడి గోడ మీద రాయించాలి. చదవలేనివాళ్లకు మనం చదివి వినిపించాలి.

రెండో పని రసీదులు. ఈ నెల నుంచి మన సభ్యులు ఇద్దరిద్దరు చొప్పున అంగడికి పోయి, కూరలు కొనుక్కుంటూనే, తైబజారు వాడు వచ్చే వేళకు అక్కడ ఉండాలి. గొడవ పెట్టుకోవద్దు. 'అన్నా, రసీదు ఇయ్యి' అనండి చాలు. ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉంటే ముప్పైకి ముప్పై రాస్తాడు. కొన్నిచోట్ల ఇప్పటికే రాస్తున్నాడు.

ఇంకొక్క మాట. రసీదు ఇప్పించిన ఆ చిన్నామె, పక్కామె అన్నాను కదా, ఆమె నేను మూడోసారి వెళ్లినప్పుడు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. పాత రసీదులు. కొన్ని ఆమె అత్తవి, సిరా వెలిసిపోయింది. 'అక్కా, ఫారం రాస్తవంట గదా. నన్ను రైతని రాస్తవా, యాపారి అని రాస్తవా? రెండు రాస్తె ఇస్తరా?' అని అడిగింది. ఆమె పేరు మీద అరెకరం ఉంది, పుట్టింటి వాటా తీసుకున్న ఆ ఒక్కామె ఈమే. 'వేరే జీవనాధారం లేదు' అని ఆమె చేత నేను రాయించవచ్చునా? రాయిస్తే రేపు ఎవరైనా పట్టా చూపించి ధృవపత్రం రద్దు చేయిస్తే? అరెకరం జీవనాధారం కింద వస్తుందా? ఈ వరసలో నలుగురు వకీలు అక్కలు కూచుని ఉన్నారు. భోజనాలయ్యాక ఆ మూల గదిలో కలుద్దాం. రసీదులు నా సంచిలోనే ఉన్నాయి, మొత్తం పదకొండు.